శనివారపు బల్ల: వాల్ట్ డిస్నీ జీవితకథ

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున గ్రిఫిత్ పార్కు అను పెద్ద ఉద్యానవనము కలదు. అందొక రంగులరాట్నము. 1926లో తయారై, 1937లో ఆ వనమునకు వచ్చి చేరిన ఆ రాట్నమునకు 68 కొయ్యగుఱ్ఱములు. అన్నియు కాళ్ళెత్తి దుముకుచున్నవే. కదలక నిలిచియున్నది యొక్కటియు లేదు. అది వచ్చిన తరువాత కొన్ని సంవత్సరములపాటు, శనివారమునాడు ఒక తండ్రి తన కూతుండ్ర నిద్దరిని వెంటబెట్టుకొని అచటికి వచ్చుచుండెను. పిల్లలు గుఱ్ఱము లెక్కుదురు. తండ్రి వెలుపలి బల్లపై కూర్చుండి వేరుసెనగకాయలు ఒలుచుకొని తినుచు, తిరిగి తిరిగి యెదుటికి వచ్చు పిల్లల ముఖములను చూచుచుండును. చుట్టును మఱికొందరు తల్లిదండ్రులు అట్లే కూర్చుండియుందురు. వారికి చేయదగిన పని యేమియు లేదు. మన తిరునాళ్ళలో రాట్నము క్రింద చేతిసంచులు మోయుచు నిలుచుండు పెద్దలను చూచినవారికి ఈ దృశ్యము కొత్త కాదు. ఆ బల్లపై కూర్చుండియే ఆ తండ్రి, పిల్లలతోపాటు పెద్దలును కలసి యాడుకొనదగిన చోటు ఈ లోకమున ఏల లేకపోవలెనని ఆలోచించెను. ఆయనయే వాల్ట్ డిస్నీ.

ఆ యాలోచన వెనుక ఒక బాల్యము కలదు. అది సుఖమైన బాల్యము కాదు.

వాల్టు 1901 డిసెంబరు 5వ తేదీన షికాగోలో జన్మించెను. తండ్రి ఎలయాస్, తల్లి ఫ్లోరా. నలుగురు మగపిల్లలలో వాల్టు కడపటివాడు. అతని తరువాత రూత్ అను చెల్లెలు. ఎలయాస్ వడ్రంగపు పని నెఱిగినవాడు. 1893లో షికాగోలో జరిగిన సుప్రసిద్ధ ప్రపంచ ప్రదర్శనమునకు భవనములు కట్టిన పనివారిలో అతడొకడు. లక్షలాది జనులకు కన్నుల పండువు చేసిన ఆ ప్రదర్శనమున సుత్తిపట్టిన మనిషి, తన ఇంటిలో మాత్రము వినోదమునకు చోటీయలేదు. కష్టజీవి, దైవభీతి కలవాడు, కాని మిక్కిలి కోపిష్ఠి. పట్టిన పని యేదియు కలసిరాక ఊరూరు తిరిగినవాడు. 1906లో కుటుంబముతో మిసోరీ రాష్ట్రమున మార్సెలీన్ అను చిన్న ఊరికి పోయి వ్యవసాయమునకు దిగెను.

వాల్టు జన్మమంతయు మఱవని ఊరు మార్సెలీన్. అచట నున్నది నాలుగైదేండ్లే. ఇంటికి చేరువలోనే శాంటాఫే రైలుమార్గము. ఆ మార్గమున బండ్లు నడపు డ్రైవరులలో ఒకడు వాల్టునకు బంధువు. పిల్లవాడు పట్టాలకు చెవి యానించి, రాబోవు బండి సవ్వడి వినుచుండెడివాడట. పశువులు, చెట్లు, వీధి కిరువైపుల అంగళ్ళు, దూరమున రైలుకూత. ఇంతమాత్రమే ఆతని స్వర్గము. తండ్రి జబ్బుపడగా పొలము అమ్మివేయవలసివచ్చెను. 1911లో వారు కాన్సాస్ సిటీకి చేరిరి. పిల్లవానికి అప్పటికి తొమ్మిదేండ్లు.

ఈ కాన్సాస్ సిటీ దినములను తెలిసికొననిదే డిస్నీ యనునాతడు అర్థము కాడు. ఎలయాస్ అచట వార్తాపత్రికలు పంచు హక్కు కొనెను. వందలకొలది యిండ్లు. పంచువారు వాల్టు, అతనికంటె ఎనిమిదేండ్లు పెద్దవాడైన అన్న రాయ్, మఱికొందరు కుఱ్ఱవాండ్రు. తెల్లవారక మునుపే లేవవలెను. పత్రికలను గుమ్మము వెలుపల విసరివేయుట ఎలయాస్‌నకు ఇష్టములేదు. వాకిటి తలుపు సందున పెట్టి రావలెను. మోకాటిలోతు మంచులోనైనను తప్పదు. సాయంకాలము బడి ముగిసినపిదప మరల పంచుట. బయటి కుఱ్ఱవాండ్రకు కూలి యుండెను గాని కన్నకొడుకులకు దమ్మిడీ యియ్యలేదు. తిండిపెట్టి బట్ట లిచ్చుచుండగా మఱి కూలి యెందుకని ఆ తండ్రి వాదము. ఆ శిక్షయెట్టిదో గాని, నలుబదేండ్లు గడిచిన తరువాతను, ఏదో యొక ఇంటికి పత్రిక వేయుట మఱచినట్లు కలగని వాల్టు త్రుళ్ళిపడి లేచుచుండెడివాడు.

ఆ వేకువజాములలోనే మఱియొకటి జరుగుచుండెను. కలవారి యిండ్ల వసారాలలో పిల్లలు రాత్రి విడిచిపోయిన ఆటబొమ్మలుండెడివి. వాల్టు పత్రికల మూట దింపి, ఆ చీకటిలో ఒక్కడే కూర్చుండి, పరుల బొమ్మలతో కొంచెముసేపు ఆడుకొని, వానిని ఎట్లున్నవట్లే యుంచి, తక్కిన యిండ్లకు పరుగిడును. తరువాతి కాలమున కోట్లకొలది పిల్లలకు ఆటబొమ్మ లిచ్చిన వాని చిన్ననాటి ఆట యిది.

వారి యింటికి నడిచిపోదగు దూరముననే ఎలక్ట్రిక్ పార్కు అను వినోదవనముండెను. రాత్రియైన వేలకొలది విద్యుద్దీపములు వెలుగును. బాణసంచా కాల్తురు. వాల్టును చెల్లెలు రూతును ఆ వెలుగును చూచుటకు ఆశపడిపోవుచుండెడివారు. చేతిలో డబ్బులేని పిల్లలకు కంచె యీవల నుండు శోభయే శోభ. ఆ వనము 1925లో అగ్నికి ఆహుతి యయ్యెను.

యౌవనమందలి సంగతులు పలువురెఱిగినవే గనుక ఇచట క్లుప్తముగ చాలును. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే రెడ్‌క్రాసు వాహనము నడపుటకు ఫ్రాన్సునకు పోయివచ్చెను. కాన్సాస్ సిటీలో పెట్టిన బొమ్మల చిత్రముల సంస్థ 1923లో దివాలా తీసెను. ఆ సంవత్సరమే హాలీవుడ్ చేరి అన్న రాయ్‌తో కలసి కొత్త సంస్థ నారంభించెను. 1925లో తన సంస్థలోనే పనిచేయుచున్న లిలియన్‌ను వివాహమాడెను. 1928లో, తాను సృష్టించిన కుందేలుబొమ్మపై హక్కు పరులపాలగుట, ఆ దుఃఖములోనుండి మికీ మౌస్ పుట్టుట, ఆ నవంబరు 18వ తేదీన న్యూయార్కులో స్టీమ్‌బోట్ విల్లీ ప్రదర్శితమగుట, ఇవన్నియు చరిత్ర ప్రసిద్ధములు. 1937 డిసెంబరులో స్నోవైట్ విడుదలయై, అప్పులలో మునిగిన సంస్థను గట్టెక్కించెను.

ఆ ధనముతో అన్నదమ్ములు తల్లిదండ్రులకు ఇల్లు కొనియిచ్చిరి. 1938 నవంబరులో, ఆ యింటి గ్యాసు కొలిమి సరిగా పనిచేయక, విషవాయువు వ్యాపించి తల్లి మరణించెను. ఆ విషయమును గుఱించి వాల్టు మరెన్నడును నోరు విప్పలేదని దగ్గరివారు చెప్పుదురు. 1941లో స్టూడియో చిత్రకారులు సమ్మె కట్టిరి. జీతములలో హెచ్చుతగ్గులు, పేర్లు ప్రకటింపకుండుట మొదలగు వారి మొఱలలో న్యాయము లేకపోలేదు. వాల్టు దానిని కార్మికుల కోరికగా గాక తనయెడ జరిగిన కృతఘ్నతగా భావించెను. 1947లో అమెరికా చట్టసభ సంఘము నెదుట సాక్ష్యమిచ్చి, సమ్మె నడపినవారిపై కమ్యూనిస్టులని నిందమోపెను. కూలియడుగు కొడుకులకు ఎలయాస్ చెప్పిన సమాధానపు ఛాయ ఇందు లేదనుట కష్టము.

అయినను తన పిల్లలయెడ మాత్రము వాల్టు ఎలయాస్ కాలేదు. పెద్దది డయాన్ 1933లో జన్మించెను. చిన్నది షారన్ 1936లో పుట్టిన పిల్ల. ఆమెను పసిగుడ్డుగా దత్తు తెచ్చుకొనిరి. పెంపుడుబిడ్డయన్న మాట ఎవరైన వ్రాసిన వాల్టునకు కోపము వచ్చుచుండెను. ఇద్దరిని పత్రికలవారి కంటబడనీయక పెంచెను. తానే కారు నడిపి బడికి దింపివచ్చెడివాడు. శనివారము తండ్రి దినము. ఆ దినము మఱియొక పని యుండదు.

ఈ శనివారములే అతనికి పాఠశాలలైనవి. ఆ కాలపు వినోదవనములను అతడు పిల్లల తండ్రిగ చూచెను. గుఱ్ఱములకు రంగు పెచ్చులూడియుండును. నేలయంతయు చెత్త. పనివాండ్ర మాట కటువు. పిల్లవాడు దాహమనును, ఆకలియనును, కాళ్ళు నొప్పియనును, ఇంకొకసారి యెక్కుదుననును. ఈ నాలుగును ఒకేసారి యనును. తల్లిదండ్రులు పొందవలసిన సంతోషమంతయు ఈ సర్దుబాట్లలోనే ఆవిరియగును. పసిపిల్లను వెంటనిడుకొని ఒక్కదినము వినోదమునకు పోయివచ్చినవారెవరైన ఈ కష్టము నెఱుగుదురు. దీనికి మందు కనిపెట్టవచ్చునని తోచుటయే వాల్టు విశేషము.

1948లో అతడు షికాగోలో జరిగిన రైలుబండ్ల ప్రదర్శనమునకు పోయివచ్చెను. తండ్రి పనిచేసిన నగరము, తాను పుట్టిన నగరము. తిరిగివచ్చి, ఆ ఆగస్టు 31వ తేదీన, ఊరి వీధి, ఉద్యానము, రైలు స్టేషను కల ఒక చిన్న వినోదవనమును గుఱించి కాగితముపై పెట్టెను. 1950 నాటికి తన యింటి పెరటిలోనే, మనుష్యులు పైన కూర్చుండి పోదగిన చిన్న రైలుబండిని వేయించి, ఇంజనునకు భార్య పేరు పెట్టెను. ఆమె పూలతోట చెడకుండుటకై పట్టాలను సొరంగమున నడిపించెనట. తరువాత డెన్మార్కులోని కోపెన్‌హాగెన్ నగరమున 1843 నుండి నడచుచున్న టివోలీ ఉద్యానవనమును చూచి, శుభ్రత, దీపాలంకరణము, మర్యాద కలచోట పెద్దలును పిల్లలును కలసి కాలము పుచ్చగలరని రూఢి చేసికొనెను.

కాని ఇంటివారును బయటివారును వలదనిరి. అట్టి చోటులు మురికికూపములు గదా, వానితో మనకేమి పనియని భార్య సందేహము. తన వనము అట్లుండదనుటయే వాల్టు సమాధానము. సంస్థ లెక్కలు చూచు అన్న రాయ్‌కి ఇది తలకు మించిన భారముగ తోచెను. వినోదవనముల వ్యాపారమున తలపండినవారు సైతము ఇది నడువదని తేల్చిరి. వాల్టు తన జీవితబీమాపై అప్పు తీసెను, విడిదియిల్లు అమ్మెను. 1953 సెప్టెంబరులో, హెర్బ్ రైమన్ అను చిత్రకారుడు వాల్టు ప్రక్కన కూర్చుండి చెప్పుచుండగా, శని ఆదివారములు రెండు దినములలో లేని వనమునకు పటము గీసెను. ఆ పటమును చేతపట్టుకొని న్యూయార్కునకు పోయినవాడు, మొదట వలదన్న రాయే. ఏ.బి.సి. ప్రసార సంస్థ 5 లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టి, 45 లక్షల డాలర్ల అప్పులకు పూచీ పడెను. అందులకు బదులుగ మూడవవంతుకు పైగా వాటాను, వారమువారము ఒక టెలివిజను కార్యక్రమమును పొందెను.

స్థలము అనహైమ్ పట్టణము చెంత 160 ఎకరముల నారింజతోటలు. 1954లో పని మొదలై యేడాదిలో పూర్తియయ్యెను. ఖర్చు ఒక కోటి డెబ్బది లక్షల డాలర్లు. ఆ కట్టడపు తీరున బల్లపై కూర్చున్న తండ్రి యెల్లెడల కానవచ్చును. లోనికి ద్వార మొక్కటే. పిల్లలు తప్పిపోవు భయము అంతమేర తగ్గును. ద్వారమునుండి ఒకటే వీధి. అది మార్సెలీన్ వీధిని తలపునకు తెచ్చునది. దాని చివర మండలాకారమైన కూడలి. అందుండి చక్రపు ఆకులవలె దారులు చీలి ఒక్కొక్క లోకమునకు పోవును. అలసిన తల్లి యెచటనున్నను 77 అడుగుల కోటను చూచి దిక్కు తెలిసికొనగలదు. ఇండ్ల పై అంతస్తులను క్రిందివానికంటె చిన్నవిగ కట్టుటచే అవి పిల్లలను బెదరింపక, ఎత్తుగను కనబడును. చుట్టును మట్టికట్ట వేసి బయటి లోకమును కప్పివేసిరి. ఆ కట్టపై రైలు తిరుగును. టొరంటోనుండి తెచ్చిన రంగులరాట్నమున, గ్రిఫిత్ పార్కునందువలెనే, ప్రతి గుఱ్ఱమును దుముకు గుఱ్ఱమే కావలెనని వాల్టు పట్టుబట్టెను. నిలిచియున్న గుఱ్ఱము దక్కిన పిల్లవాని ముఖము అతడు చూచియుండును.

1955 జూలై 17, ఆదివారము. పిలిచినవారు కొలది, వచ్చినవారు 28 వేలమంది. దొంగటిక్కెట్లు ముద్రించి అమ్మినవారు కొందరు. గోడకు నిచ్చెనవేసి దాటించినవారు కొందరు. ఎండ మండిపోయెను. ముందురాత్రి వేసిన తారు కరగి ఆడువారి చెప్పుల మడమలు దిగబడెను. అన్నశాలలలో తిండి అయిపోయెను. గొట్టముల పనివాండ్ర సమ్మెవలన అంతకుముందే, త్రాగునీటి కుళాయిలో మరుగుదొడ్లో ఏదియో యొకటే పూర్తిచేయు వ్యవధి కలిగెను. వాల్టు మరుగుదొడ్లను ఎన్నుకొనెను. శీతలపానీయములు అమ్ముకొనుటకే కుళాయిలు పెట్టలేదని జనులు తిట్టిరి. పత్రికలు దుమ్మెత్తిపోసినవి. చిన్నపిల్లలతో వచ్చువారి అవసరము తెలిసినవాడు వేఱొకటి ఎన్నుకొనజాలడు గదా! గ్యాసు కాఱుటచే ఒక భాగమును కొంతసేపు మూసివేయవలసివచ్చెను. తల్లి మరణము ఎఱిగినవారికి ఆ వార్త వాల్టు చెవిని ఎట్లు సోకియుండునో ఊహింపవచ్చును.

విమర్శ కతడు తలవంచెనే గాని చతికిలబడలేదు. లోపములను ఒక్కటొక్కటిగ దిద్దించెను. వీధి మొగదల అగ్నిమాపకశాల మేడపై తన కుటుంబమున కొక చిన్నగది యుంచుకొని, జనముతోపాటు క్యూలలో నిలిచి, ఎచట పిల్లలు విసిగి యేడ్చుచున్నారో, ఎచట పెద్దలు గడియారము చూచుచున్నారో గమనించుచుండెడివాడు. ఏడు వారములలో పది లక్షలమంది వచ్చిరి. 1961 నవంబరులో, మనము పిల్లల పండుగ జరుపుకొను ఆ నెలలోనే, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ కుమార్తె ఇందిరతో కూడ డిస్నీలాండును చూచెను. వాల్టు తానే వెంటనుండి చూపెను. చెరసాలనుండి కూతునకు జాబులు వ్రాసి లోకచరిత్ర చెప్పిన తండ్రి యొకరు, కూతుండ్ర కొఱకొక లోకమునే కట్టిన తండ్రి యొకరు.

అయినను వాల్టునకు తృప్తి లేదు. అనహైమ్‌లో వనము చుట్టునున్న నేల అతనిది కాదు. అక్కడ పరుల హోటళ్ళు పుట్టగొడుగులవలె లేచినవి. దూరమునుండి వచ్చువారు ఒక్కదినమున అన్నియు చూడవలెనని పిల్లలను పరుగులెత్తించిరి. మధ్యాహ్నమున పసివాడు నిద్రించుటకు తగు చోటు లేదు. కుటుంబములు పలుదినములుండి తీరికగ తిరుగదగిన చోటు కావలెననుకొని, ఫ్లోరిడాలో పేరు బయటబెట్టక 27 వేల ఎకరములకు పైగా కొనిపించి, 1965 నవంబరు 15వ తేదీన ఆ సంగతి ప్రకటించెను. హోటళ్ళు, సరస్సులు, వనము, వీనికి తోడు భవిష్యన్నగరమొకటి అతని తలపున నుండెను.

దానిని చూచు భాగ్యము లేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు పైకొనెను. జీవితమంతయు సిగరెట్లు విడువలేదు. 1966 డిసెంబరు 15న, తన స్టూడియో కెదురుగనున్న ఆసుపత్రిలో మరణించెను. అరువదియైదేండ్లు. ముందునాటి రాత్రి మంచముపై పరుండి, పైకప్పు పలకలనే ఎకరములుగ భావించి, ఎచట ఏ దారి పోవునో అన్నకు చూపెనని జీవితకథకులు వ్రాసిరి. విశ్రాంతి తీసికొనదలచిన రాయ్, డెబ్బదేండ్లు దాటిన వయసున ఆ భారము తలకెత్తుకొనెను. 1971 అక్టోబరు 1న అది తెఱవబడెను. పేరును తమ్ముని పూర్తిపేరుతో వాల్ట్ డిస్నీ వరల్డ్ అని యుంచవలెనని అతడే పట్టుబట్టెను. ఆ డిసెంబరులోనే రాయ్ కన్నుమూసెను. పత్రికల మూట మోయుటలో తోడైన అన్న, కడవరకు తోడయ్యెను.

ఇప్పుడచట నాలుగు పెద్ద వనములు కలవు. చిన్నపిల్లలతో వారముదినముల ప్రయాణమునకు జనులు నెలల ముందునుండియే ఏర్పాట్లు చేసికొందురు. మూడేండ్లు నిండని శిశువునకు ప్రవేశపు టిక్కెట్టు లేదు. కొన్ని ఆటలకు పిల్లవాని ఎత్తు కొలిచి గాని ఎక్కనీయరు. అట్టిచోట తల్లి బిడ్డతో నిలిచియుండగా తండ్రి ఎక్కి, అతడు దిగినపిదప తల్లి మరల క్యూలో నిలువకయే ఎక్కు ఏర్పాటు కలదు. తెలివిగలవారు ఉదయమున పోయి, ఎండవేళ బసకు తిరిగివచ్చి పిల్లను నిద్రపుచ్చి, చల్లబడినపిదప మరల పోవుదురు. ఖర్చు మాత్రము సామాన్యుని అందుబాటులో లేదు. ఎలక్ట్రిక్ పార్కు కంచె యీవల నిలిచిన పిల్లవాడు కట్టిన వనములకు నేడును కంచెలున్నవి, వాని యీవల నిలిచిన పిల్లలును ఉన్నారు.

షారన్ 1993లోను, డయాన్ 2013లోను గతించిరి. తండ్రిని గూర్చి లోకమునకు తెలిసినది బొమ్మలే గాని మనిషి కాదని డయాన్ బాధపడి, 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రదర్శనశాల నెలకొల్పెను. గ్రిఫిత్ పార్కు రంగులరాట్నమునొద్దనుండి తెచ్చిన బల్ల యొకటి డిస్నీలాండు మొదటి వీధిలో, ఒపెరాశాల ముంగిట గదిలో, పచ్చరంగుతో ఇప్పటికిని ఉన్నది.